సుస్తీ కాదు, సుస్తు

ఆ సాయంత్రం నేను ఫ్యాను ఆపింది కంప్యూటర్ కోసం కాదు. వరసగా తుమ్ములు వస్తున్నాయని.

బొమ్మనహళ్ళిలో ఒక ఇంటి మేడ మీద రేకుల గది. మా పత్రిక సబ్ ఎడిటర్ ఒకామె అక్కడ కూర్చుని ఆ రోజు పేజీ తయారుచేస్తున్నారు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఆమె కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందా, లేక ఆమే నెమ్మదా అన్నది కళ్ళారా చూసి చెప్పమని ఆఫీసు నన్ను పంపింది. కంప్యూటర్ బాగుందని నేనంటే ఆమె ఉద్యోగం పోవడం దాదాపు ఖాయం. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, నా కోసం ఫ్యాను మోసుకొచ్చి పెట్టిన ఆమె భర్తకూ తెలుసు. అప్పటిదాకా కంప్యూటర్ చెప్పిన పనల్లా చెప్పినట్టు చేస్తోంది. అందువల్ల గదిలో ఎవరి ముఖంలోనూ కళ లేదు.

తుమ్ములు ఆగలేదు. ఆమె భర్త వద్దంటున్నా లేచి ఫ్యాను మీట నొక్కి వచ్చి కూర్చున్నాను. ఆమె ఒక వార్త దిద్దారు, ఇంకొకటి దిద్దారు. ఆ తర్వాత వార్తకు శీర్షిక కొట్టబోతే మొదటి అక్షరం తెర మీదికి రావడానికి ఆలోచించింది. రెండోది ఇంకా ఎక్కువసేపు ఆలోచించింది. మూడోది రానేలేదు.

“చూడన్నా! చూడు! ఇదే! నేను ఇన్నాళ్ళూ చెప్తా ఉండేది ఇదే!” అంటూ ఆమె కుర్చీలోంచి సగం లేచారు. ముఖం వెలిగిపోయింది. “ఏమండీ, ఇట్ల రాండి, నిలిచిపోయ! చూడండి, నిలిచిపోయ!”

కంప్యూటర్ మొరాయిస్తే తిట్టేవాళ్ళను, ఏడ్చేవాళ్ళను, మౌస్ విసిరేవాళ్ళను ఉద్యోగకాలమంతా చూశాను. సంతోషం పట్టలేక మొగుణ్ణి పిలిచిన మనిషిని మాత్రం ఆమె ఒక్కరినే చూశాను.

ఇక మొదటి నుంచి చెబుతాను.

నేను పత్రికలో చేరింది కంప్యూటర్ మనిషిగా కాదు. పేస్టింగ్ విభాగంలో చేరాను. అచ్చయి వచ్చిన కాగితం పట్టీలను బ్లేడుతో కోసి, జిగురు పూసి, పేజీ మీద వంకర లేకుండా అతికించడం మా పని. తర్వాత పేజీలన్నీ కంప్యూటర్ మీదికి ఎక్కాయి, జిగురు డబ్బాలు పోయాయి, వాటితో పాటు మాలో చాలామంది పోయారు. నాకు వైర్లు బిగించడం కొంచెం వచ్చు కాబట్టి మిగిలాను. అప్పటి నుంచి పదవీ విరమణ దాకా నా పేరు ‘సిస్టమ్స్ సార్’. ఆ పేరు చూసి నేనేదో పెద్ద చదువు చదివాననుకునేవారు. నేను చదివిందల్లా పత్రిక, అదీ తప్పుల కోసం.

కరోనా వచ్చినప్పుడు ఆఫీసులోని డెస్క్‌టాప్‌లన్నిటినీ ఆటోల్లో ఎక్కించి ఎవరి ఇళ్ళకు వాళ్ళవి పంపించాం. కొన్నాళ్ళకే కదా అనుకున్నాం. జబ్బు తగ్గాక చూస్తే, ఆఫీసు వాళ్ళు అద్దెకు తీసుకున్న అంతస్తును ఖాళీ చేసి యజమానికి అప్పగించేశారు. మనుషులు ఇళ్ళలోనే ఉండిపోయారు, కంప్యూటర్లూ ఉండిపోయాయి. దాంతో మడివాళలోని నా గది నుంచి బయలుదేరి, ఇల్లిల్లూ తిరిగి కంప్యూటర్లు చూసే వైద్యుణ్ణయ్యాను.

ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న మీకు ఒక్క సంగతి చెప్పాలి. ఆఫీసులో కంప్యూటర్ అంటే కంప్యూటరే. ఇంట్లో అది ఇంకో కుటుంబ సభ్యుడు, అందరికంటే చివర చేరినవాడు. మిగతా అందరూ సర్దుకున్నాక మిగిలిన చోట ఉంటుంది. ఒకరింట్లో బియ్యం మూటకు ఆనుకుని ఉండేది. ఇంకొకరింట్లో మిక్సీకీ దానికీ ఒకే ప్లగ్గు, చట్నీ వేళకు అది ఆరిపోయేది. నెమ్మదిగా ఉందని ఫోన్ వస్తే నేను ముందు అడిగే ప్రశ్న ‘ఎక్కడ పెట్టారు?’ అనే. తొంభై పాళ్ళు జవాబు అందులోనే దొరికేది. ఈమె దగ్గర దొరకలేదు.

ఆమెది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. తాతల నాటి నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపమొస్తే రెండూ. బెంగళూరులోని తెలుగు సంఘాల వార్తలు, సభలు, సన్మానాలు, భజన మండళ్ళు, శ్రద్ధాంజలి ప్రకటనలు ఉండే పేజీ ఆమెది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పేజీ ప్రెస్సుకు చేరాలి. ఆమె భర్త ఒక గార్మెంట్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్‌గా చేసి మానేశాడు. వీధిలో అందరికీ ఆయన ‘మాస్టర్’. నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి.

మొదటి ఫోన్ ఎండాకాలం మొదట్లో వచ్చింది.

“అన్నా, నా సిస్టమ్‌కు సుస్తు అయితా ఉండాది.”

నేను ఒంగోలు వైపు వాణ్ణి. మా వైపు సుస్తీ అంటే జబ్బు. కన్నడంలో సుస్తు అంటే అలసట, ఈ ఊరి తెలుగువాళ్ళు ఆ మాటను అట్లాగే వాడతారు. బెంగళూరులో సగం జీవితం గడిపిన నాకు ఇది తెలియదా అంటే, తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే బుర్ర ముందు ఒంగోలుకే పోతుంది. కంప్యూటర్‌కు జబ్బు అంటే వైరస్. మర్నాడు పొద్దున్నే నా గదిలోంచే ఆమె కంప్యూటర్‌ను నా తెర మీదికి తెచ్చుకుని వైరస్‌ల కోసం మూలమూలా గాలించాను. ఏమీ లేదు. అక్కర్లేనివి తీసేశాను. గుర్రంలా పరుగెత్తింది.

“బాగుంది మేడం. జబ్బేమీ లేదు.”

“జబ్బని ఎవరు చెప్పిందన్నా? సుస్తు అంటిని. పొద్దున బానే ఉంటాది. మధ్యాహ్నం పైన సుస్తు అయిపోతాది. స్వల్ప సేపు ఆపి పెడితే మళ్ళా లేస్తాది. మనిషి మాదిరే.”

ఇందులో రోగ నిర్ధారణ మొత్తం ఉంది. పత్రికలో చేరిన కొత్తలో మాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాళ్ళు చెప్పిన మాటను నీ మాటలోకి మార్చకు అని. విలేకరులకు చెప్పే పాఠమది. కంప్యూటర్లు చూసేవాడికి వర్తిస్తుందని ఎవరూ అనుకోరు.

ఫిర్యాదు మళ్ళీ రావడంతో ఇంటికి వెళ్ళాను. మాస్టర్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు.

“రాండి సార్, రాండి. ఏయ్, సిస్టమ్స్ సార్ వచ్చినాడు!”

గదిలోకి వెళ్ళి చూస్తే కంప్యూటర్ పెట్టెకు నీలం గుడ్డతో కుట్టిన తొడుగు ఉంది. తొడుగంటే ఏదో సంచీ కాదు. కొలిచి, కత్తిరించి, అంచులు మడిచి, మీటల దగ్గర కాజాలు కుట్టి, పెళ్ళికొడుకు కోటులా ఉంది.

“దుమ్ము పడగూడదని నేనే కుడితిని. ఎట్ల ఉంది ఫిట్టింగు?”

“ఫిట్టింగు బాగుంది మాస్టర్. దానికి ఊపిరే ఆడదు.”

దొంగ దొరికాడనుకున్నాను. పనిచేసేటప్పుడు కోటు విప్పాలని చెప్పాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకుని విప్పేశాడు. ఇంతలో లోపలికి వెళ్ళి ఒక స్టాండు ఫ్యాను మోసుకొచ్చాడు. దానికీ తొడుగుంది. అది తీసి, నా కుర్చీ వైపు తిప్పి, మీట వేశాడు.

“నాకెందుకండీ ఇదంతా?”

“ఇంటికొచ్చినోళ్ళకు గాలి ఇయ్యకపోతే ఎట్లప్పా? మీరు ఆంధ్రా వాళ్ళు, గాలి లేకుంటే ఉండలేరు. మాకు పర్వాలేదు.”

ఇది బెంగళూరు పాతవాళ్ళ పద్ధతి. ఈ ఊళ్ళో ఫ్యాను ఉందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అనుకునే కాలం ఒకటి ఉండేదట. ‘బెంగళూరులో ఫ్యానా?’ అని నవ్వేవారట. ఊరు మారింది, చెట్లు పోయాయి, రేకుల మీద ఎండ నిలబడుతోంది. ఆ గర్వం మాత్రం చాలా ఇళ్ళలో అట్లాగే ఉంది. వీళ్ళింట్లో ఫ్యాను చుట్టాల కోసం కొన్నది. మంచి కంచాలు, కొత్త దుప్పటి ఎట్లాగో అదీ అట్లాగే. చుట్టం వెళ్ళగానే తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

నేనున్నంతసేపూ కంప్యూటర్ చక్కగా నడిచింది. వేడి ఎంతుందో చూపించే అంకె ఒకటి ఉంటుంది, అదీ చూశాను. పద్ధతిగానే ఉంది. కాఫీ తాగి వచ్చేశాను.

వారం తిరిగిందో లేదో మళ్ళీ ఫోన్. ఈసారి లోపలి డిస్క్ మార్చాను. ఆ రోజూ ఫ్యాను వచ్చింది, కాఫీ వచ్చింది, కంప్యూటర్ కొత్త పెళ్ళికొడుకులా నడిచింది. ఆమె మాత్రం తెర వైపు చూసి, నా వైపు చూసి అన్నారు:

“నువ్వు వస్తే బానే నటిస్తాదన్నా ఇది. మా అత్త మాదిరి. ఇంటికి ఎవరన్నా వస్తే ఎంత బాగా మాట్లాడేదో!”

“నీ సిస్టమ్ మధ్యలోకి మా అమ్మ ఏంటికి?” అన్నాడు మాస్టర్.

“పోలిక చెప్తిని అంతే.”

ఇక ఇన్‌చార్జి సంగతి. మా ఎడిషన్ డెస్కుకు ఇన్‌చార్జి ఒక కుర్రవాడు. కుర్రవాడంటే నాకు కుర్రవాడు. హైదరాబాద్ నుంచి వచ్చి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు. చెడ్డవాడు కాదు. ఆమె ఇంటికి కంప్యూటర్ ఆటోలో వెళ్ళిన రోజు దాన్ని కిందికి మోసినవాడు అతనే. కానీ సాయంత్రమయ్యేసరికి అతని మీద ప్రెస్సు వాళ్ళు అరుస్తారు, అతను మా మీద అరవలేక గొంతు తగ్గించుకుంటాడు. ఆ తగ్గిన గొంతుతోనే ఒక రోజు ఫోన్ చేశాడు.

“సార్, ఒక్క మాట చెప్పండి. మేడం మెషీన్ ఓకేనా, కాదా?”

“నేను చూసినప్పుడు బాగానే ఉంది.”

“అంటే ఇష్యూ మెషీన్‌ది కాదన్నమాట.”

“నేను అట్లా అనలేదు.”

“సార్, మీ దగ్గర దాచేదేం లేదు. ఆ టైప్ పేజీలు చేసేవాళ్ళు ఇద్దరున్నారు, ఒక్కర్నే ఉంచమన్నారు పైనుంచి. మడివాళ పీజీ హాస్టల్లో ఉండే కుర్రాడు ల్యాప్‌టాప్‌లో టక్కున చేసి పడేస్తాడు. మేడం పేజీ డైలీ లేట్. మెషీన్ ప్రాబ్లం అయితే నేను ఫైట్ చేస్తా. మెషీన్ ఓకే అయితే ఏమని ఫైట్ చెయ్యను?”

పేజీ కట్టే వేళకు వెళ్ళి పక్కన కూర్చుని చూసి చెబుతానన్నాను. మర్నాడు సాయంత్రం మొదట్లో చెప్పిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు ఆమె నాతో ఎక్కువ మాట్లాడలేదు. నేనెందుకు వచ్చానో ఎవరో ముందే చేరవేశారు. పేజీ మొదలుపెట్టారు. కంప్యూటర్ పరుగందుకుంది. ఒక సన్మాన సభ, ఒక భజన మండలి వార్షికోత్సవం చకచకా పేజీలో కూర్చున్నాయి. బాగా పనిచేస్తున్న కొద్దీ ఆమె భుజాలు కుంగిపోవడం చూశాను. ఒకచోట చెయ్యి ఆపి, తెర వైపే చూస్తూ అన్నారు:

“బేజారు అయితాదన్నా. నేను అబద్ధం చెప్పే మనిషినా? చెప్పు.”

“కాదు మేడం.”

“మరి ఇది ఏంటికి నన్ను ఇట్ల చేస్తా ఉండాది?”

మాస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి చెయ్యాలని ఆయనకూ ఉంది, ఏం చెయ్యాలో తెలియదు. తెలిసిన పని ఒకటే, ఫ్యాను ఇంకో మెట్టు పెంచాడు. గాలి సూటిగా నా ముక్కులోకి వచ్చింది. తుమ్ములు మొదలయ్యాయి.

తర్వాత జరిగింది మీకు తెలుసు.

అక్షరాలు నిలిచిపోయాక ఆమె సంబరం కాసేపు చూసి, వంగి పెట్టె మీద చెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడిగా ఉంది. వేడి అంకె చూస్తే ఎక్కడికో పోయింది. అప్పుడు లేచి ఫ్యాను వేశాను. కాసేపటికి అక్షరాలు కదిలాయి. ఆపాను. మళ్ళీ కొంతసేపటికి నిలిచాయి. పెట్టె సరిగ్గా ఫ్యానుకూ నా కుర్చీకీ మధ్యన ఉంది. నా కోసం వేసిన గాలి ముందు దానికి తగిలి, తర్వాత నాకు తగిలేది.

కంప్యూటర్ లోపలి ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోకుండా ఉండటానికి. ఎండలో నడిచే మనిషి అడుగు తగ్గించినట్టు. అది జబ్బు కాదు. సుస్తు. పొద్దున చల్లదనంలో బాగుంటుంది, నేను నా గదిలోంచి చూసేది అప్పుడే. మధ్యాహ్నం రేకులు కాలాక అలసిపోతుంది. నేను ఇంటికి వస్తే నాతో పాటు ఫ్యానూ వస్తుంది.

ఇదంతా మాస్టర్‌కు చెప్పాను. ఆయన ఫ్యాను స్టాండు పట్టుకుని నిలబడిపోయాడు.

“అంటే సార్, నేను మర్యాద చేసిందే తప్పాయనా?”

“మర్యాదలో తప్పులేదు మాస్టర్. దొంగ దాని వెనక దాక్కున్నాడు, అంతే.”

ఆమె అప్పటికే మొగుడి వైపు తిరిగారు.

“ఇన్ని ఎండాకాలాలు పోయినాయి. ఒక దినమన్నా ఈ ఫ్యాను నా దిక్కు తిప్పితివా నువ్వు? తిప్పింటే ఈ సిస్టమూ బాగుండు, నేనూ బాగుందును.”

“నువ్వే కదా వద్దంటివి! ‘బెంగళూరులో పుట్టినదానికి ఫ్యాను ఏంటికి, ఎత్తి లోపల పెట్టు’ అని చెప్పింది ఎవరు?”

“చెప్తే? చెప్తే వినేస్తావా? మిగతావి ఏమన్నా వింటివా?”

నేను నవ్వాను. వాళ్ళూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు వినిపించిందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఆ నవ్వు మధ్యలో నా ఫోన్ మోగింది. ఇన్‌చార్జి.

“సార్, పేజీ?”

పేజీ సంగతి ముగ్గురమూ మరిచిపోయాం. నా పరీక్షలతో ఆ రోజు పేజీ మామూలు కంటే ఆలస్యమైంది.

“ఈరోజు లేటు నా వల్ల బాబూ. మెషీన్‌లో లోపం దొరికింది. వేడెక్కి నిలిచిపోతోంది. రేపు పొద్దున బాగుచేస్తాను.”

“థాంక్ గాడ్. సరే సార్, నేను పైన మాట్లాడతా.” ఫోన్ పెట్టబోయి మళ్ళీ అడిగాడు. “సార్, ఇంకోటి. బాగయ్యాక కూడా లేటయితే?”

ఆమె నా ముఖమే చూస్తున్నారు. అతని మాట వినిపించిందో లేదో తెలియదు. “చూద్దాం” అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పెట్టె విప్పాను. లోపలి చిన్న ఫ్యాను బాగానే తిరుగుతోంది. అందుకే అంతకు ముందు విప్పినప్పుడు దాన్ని అనుమానించలేదు. ప్రాసెసర్‌కూ ఆ ఫ్యాను కింది లోహపు దిమ్మకూ మధ్య ఒక పేస్టు పూస్తారు. లోపలి వేడి ఆ పేస్టు ద్వారానే బయటికి పోవాలి. అది ఎండి, మాడిన అట్టులా పెచ్చులు కట్టింది. గీకి, తుడిచి, కొత్తది పూశాను. మధ్యాహ్నం రేకులు కాలేదాకా అక్కడే కూర్చున్నాను, ఫ్యాను వద్దని ఒట్టు పెట్టి మరీ. నాకు చెమట కారింది, కంప్యూటర్‌కు కారలేదు. సాయంత్రం పేజీ వేళకు పోయింది. ఆ మరుసటి రోజూ పోయింది.

కథ ఇక్కడ ఆపితే నాకూ బాగుండేది. నా పదవీ విరమణ సభలో ఎవరో ఇది చెప్పారు కూడా, ఇక్కడిదాకానే. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఇన్‌చార్జి అడిగిన ప్రశ్నకు కొన్నాళ్ళకే జవాబు వచ్చింది.

కంప్యూటర్ బాగయ్యాక పేజీలు ముందుకంటే త్వరగా వెళ్ళేవి. మడివాళ కుర్రవాడి పేజీ అంత త్వరగా మాత్రం కాదు. ఒక సాయంత్రం ఆమె పేజీ అసలు రాలేదు. ఇన్‌చార్జి నాకు ఫోన్ చేశాడు, కంప్యూటర్ మళ్ళీ చెడిందేమోనని. అతని గొంతులో అది చెడి ఉండాలన్న ఆశ కూడా ఉంది. నేను ఆమెకు చేశాను.

“సిస్టమ్ బానే ఉండాదన్నా. శ్రద్ధాంజలి ఒకటి వచ్చింది. అన్న పోయినాడని తమ్ముడు ఇచ్చినాడు. ఫోటో చూస్తే తమ్ముడిది మాదిరి కనిపిస్తా ఉండాది.”

“మీకెట్లా తెలుసు?”

“పోయిన నెల సంఘం సభలో ఈ తమ్ముడికే శాలువా కప్పింటే నేనే వార్త పెడితిని. ఇంటికి ఫోన్ చేస్తా ఉండా, ఎవరూ ఎత్తరు. బతికుండే మనిషికి దండ వేసి అచ్చు వేసేదా?”

చివరకు ఎవరో ఫోన్ ఎత్తారు. ఆమె అనుమానమే నిజం. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరో ఫోన్‌లో ఒక ఫోటో బదులు ఇంకొకటి పంపారు. ఫోటో మార్చారు. పేజీ ఆలస్యంగా వెళ్ళింది. ఇన్‌చార్జి “గుడ్ క్యాచ్ మేడం” అని మెసేజ్ పెట్టాడు. అదే పూట ప్రెస్సు వాళ్ళకు క్షమాపణ చెప్పుకున్నాడు. మర్నాడు నాతో అన్నాడు:

“నాకు అర్థమవుతుంది సార్. కానీ పైవాళ్ళు లేట్ ఎంతో చూస్తారు, రీజన్ చూడరు. ఇప్పుడు మెషీన్ కూడా ఓకే.”

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వేధించింది. అంతకు ముందు ఆలస్యానికి ఏదో ఒక నెపం ఉండేది. కంప్యూటర్ పెట్టెకు వేసిన కోటు విప్పినట్టే ఆ నెపాన్నీ నేనే విప్పేశాను. ఆమె నెమ్మది కాదు, జాగ్రత్త అని నేను చెప్పగలను. ఆ రెండింటికీ తేడా చూపించే అంకె కంప్యూటర్‌లో ఎక్కడుంటుందో నాకు తెలియదు. వేడికైతే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను. ఇన్‌చార్జిని వేరే ఎడిషన్‌కు పంపారు. వెళ్ళేముందు ఆమె కోసం పోట్లాడానని చెప్పాడు, నమ్ముతాను. ఏం తేలిందని అడిగితే “చూస్తామన్నారు సార్” అన్నాడు. పత్రికలో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, పేస్టింగ్ విభాగం మూసేటప్పుడు కూడా.

మొన్న ఆ వైపు పని పడితే బొమ్మనహళ్ళి వెళ్ళాను. మాస్టర్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, తొడుగు లేదు. కాకపోతే అది కంప్యూటర్ పెట్టె వైపే తిరిగి ఉంది. ఆమె పక్కన చెమట తుడుచుకుంటూ పనిచేస్తున్నారు.

“పేస్టు మార్చాం కదా మేడం, ఇంక ఫ్యాను దానికి అక్కర్లేదు. మీ వైపు తిప్పుకోండి.”

“ఉండనీలే అన్నా. దానికి ఏమన్నా అయితే నేను ఏం చేసేది?”

“ఇప్పుడు అదే మా ఇంటి చుట్టమప్పా” అన్నాడు మాస్టర్. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఫ్యాను నా వైపు తిప్పబోయాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను.

పేజీ పని ఇప్పుడు ఆమెకు రోజూ లేదట, వారంలో కొన్ని రోజులే. మిగతా రోజులు మడివాళ కుర్రవాడు చేస్తున్నాడు. ఉంచుతారో లేదో అతనికీ ఏమీ చెప్పలేదట. పాపం అతనూ భయపడుతూనే ఉన్నాడని, ఫోన్ చేసి తన దగ్గర పేర్ల అక్షరాలు సరిచూసుకుంటున్నాడని ఆమె చెప్పారు. ఆమె కంప్యూటర్ పాతది, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ దానికి ఎక్కదు. ఆఫీసు వాడే సాఫ్ట్‌వేర్ త్వరలో అందులో తెరుచుకోదని నోటీసు వస్తోంది. కొత్తది అడగమన్నాను.

“అడిగితే నేనొకదాన్ని ఉండానని గుర్తు రాదా వాళ్ళకు?” అన్నారు. అడగకపోతే అది ఒక రోజు తెరుచుకోదు. ఆ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు, ఆమెకు తెలుసు.

ఆ పెట్టె మీద ఆఫీసు అంటించిన స్టిక్కరు ఇంకా ఉంది. ఆఫీసు వాళ్ళు కంప్యూటర్ తిరిగి ఇవ్వమని అడిగితే ఉద్యోగం పోయినట్టు, కొత్తది పంపితే ఉన్నట్టు అని ఆమె లెక్క. ఈ రోజు వరకు అడగనూ లేదు, పంపనూ లేదు.